స్పర్శవాద్యములు: ఒక విమర్శ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో కోలాటమాడినవారికి తెలియును: ఎదుటివాని కోల తగిలినప్పుడే ఆట రక్తి కట్టును. తాకినంతనే మ్రోగు ఎలక్ట్రానిక్ వాద్యములనుగూడ ఈ కొలతతోనే పరీక్షింపవలెను.

1975లో హాలెండునందు మిషెల్ వైస్‌విస్ రూపొందించిన ‘క్రాకిల్ బాక్సు’ లోహపు రేకులపై వ్రేళ్ళుంచినచో మన దేహమే విద్యుద్వలయములో భాగమగును. ఒత్తిడిని, చెమ్మను బట్టి ధ్వని మారును. కాని అది ఒక్కరి చేతిలో ఇమిడిన పెట్టె.

2012లో అమెరికాలో వెలువడిన ‘మేకీ మేకీ’ని కంప్యూటరుకు తగిలించి, పిల్లలు చేయి చేయి పట్టుకొని వలయమును పూర్తిచేయవచ్చును. అయితే అది తాకితిమా, లేదా అనుటనే గ్రహించును. మెత్తని స్పర్శకు, గట్టి స్పర్శకు భేద మెరుగదు.

మొదటిదాని సున్నితత్వము, రెండవదాని చెలిమి కలిసిన వాద్యమే బడికి కావలెను. దానిని చిన్న బ్యాటరీతోనే నడుపవలెను. ఇంటి విద్యుత్తు ప్రాణాంతకము.