నోట్సును విమర్శకుడి కంటితో చదవడం: కృష్ణా ఆనకట్ట నుంచి వేయిపడగలు దాకా

దూరవిద్య విద్యార్థుల్లో చాలామందికి తరగతి గది, అధ్యాపకుడు, గ్రంథాలయం అన్నీ నోట్సే. ఆదివారం సంపర్క తరగతికి బందరు నుంచో అవనిగడ్డ నుంచో విజయవాడ వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు ఏలూరు రోడ్డులోనో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లోనో ఒక గైడు కొనుక్కొని బస్సెక్కడం మీలో చాలామందికి అలవాటే. అందులో తప్పేమీ లేదు. అయితే నవలను, కావ్యాన్ని విమర్శించడం నేర్పే ఈ పుస్తకం, మీరు అన్నిటికంటే ఎక్కువగా చదివే ఆ రచనను వదిలేస్తే లోటే అవుతుంది. నోట్సు కూడా ఒక రచనే. దానికీ ఒక నిర్మాణం, ఒక భాష, కొన్ని మౌనాలు ఉంటాయి. ఈ భాగంలో వాటిని పరిశీలిద్దాం.

ముందు కొంచెం నేపథ్యం. డిగ్రీ చదువు తెలుగులో సాగాలంటే పుస్తకాలు కావాలి. ఆ పనికోసం 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో మొదలయింది. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి దానివల్ల తెరుచుకుంది. పొలం పని, దుకాణం పని, ఇంటి పని చూసుకుంటూ చదివే విద్యార్థి వచ్చాడు. ఆ విద్యార్థికి దొరికే సమయం రాత్రి ఒక గంట. క్లుప్తంగా ఉన్న పుస్తకమే అతనికి కావాలి. గైడ్లకు గిరాకీ పుట్టింది ఈ అవసరం నుంచే. కాబట్టి గైడు చదివేవాణ్ణి సోమరి అనడం అన్యాయం. ప్రశ్న వేరే ఉంది: క్లుప్తం చేసేటప్పుడు నోట్సు దేన్ని వదిలేసింది?

దీనికి కొలత మన దగ్గరే ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మెదక్ ప్రాంతంవాడు. మూలంలో ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ఆయన తన వ్యాఖ్యానానికి హద్దు గీసుకున్నాడు. వ్యాఖ్యానమన్నా నోట్సన్నా చేసే పని ఒకటే, మూలానికీ చదువరికీ మధ్య నిలబడటం. మల్లినాథుడి వ్యాఖ్య చదివినవాడు మళ్లీ శ్లోకం దగ్గరికి వెళ్తాడు. మనం చూసే నోట్సు చదివినవాడు ఎక్కడికి వెళ్తున్నాడు?

కృష్ణా ఆనకట్ట: ఒక సమాధానాన్ని విప్పి చూద్దాం

చరిత్ర పత్రంలో తరచుగా కనిపించే రకం ప్రశ్న: ‘కృష్ణా ఆనకట్ట నిర్మాణాన్ని, దాని ఫలితాలను వివరించండి.’ గైడులో సమాధానం సుమారుగా ఈ తీరులో ఉంటుంది. (ఇది ఈ పాఠం కోసం మేము రాసిన నమూనా. ఏ ప్రచురణ నుంచీ తీసుకున్నది కాదు.)

‘1833లో భయంకరమైన కరువు సంభవించెను. అందువలన సర్ ఆర్థర్ కాటన్ విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్టను నిర్మించెను. దీనివలన వ్యవసాయము అభివృద్ధి చెందెను. ప్రజల జీవన ప్రమాణము పెరిగెను. కరువులు తొలగిపోయెను.’

ఐదు వాక్యాలు. బట్టీ పట్టడానికి సులువు. మార్కులు కూడా రావచ్చు. ఇప్పుడు ఒక్కో వాక్యాన్నీ ఆపి అడుగుదాం.

మొదటి రెండు వాక్యాల మధ్య ‘అందువలన’ అనే మాట ఉంది. మనవాళ్లు నందన కరువు అనీ డొక్కల కరువు అనీ పిలిచే ఆ కరువు 1832-33లో వచ్చింది. గుంటూరు జిల్లాలో దాదాపు మూడోవంతు జనం, కొన్ని లెక్కల్లో అంతకు మించి, చనిపోయారని నాటి అంచనాలు. ఆనకట్ట పని మొదలయింది 1852లో, పూర్తయింది 1855లో. మధ్యలో దాదాపు ఇరవై ఏళ్లు. కరువే కారణమైతే ఇరవై ఏళ్లు ఎందుకు ఆగారు? ‘అందువలన’ అనే ఒక్క మాట ఆ ఇరవై ఏళ్లను మింగేసింది. ఆ కాలంలో ఏం జరిగిందో చూస్తే కథ మారుతుంది. పల్లెలు పాడుపడి కంపెనీ ప్రభుత్వానికి భూమిశిస్తు తగ్గింది. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు. 1847లో కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టాడు. నీటి మీద పెట్టిన డబ్బు శిస్తు రూపంలో తిరిగి వస్తుందన్న నమ్మకం కుదిరాకే కృష్ణ వంతు వచ్చింది. జనం చావు ఒక కారణం, ఖజానా మరో కారణం. నోట్సు మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేసింది. దాంతో ప్రభుత్వం దయామయురాలిగా కనిపిస్తోంది.

రెండో వాక్యంలో ‘కాటన్ నిర్మించెను’ అన్నది ఇంకో చిక్కు. కృష్ణా ఆనకట్ట కావాలని గట్టిగా వాదించినవాడు కాటనే. కాని సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య దగ్గరుండి దాన్ని కట్టించిన ఇంజనీరు కెప్టెన్ చార్లెస్ ఆర్. గోదావరి జిల్లాల్లో కాటన్‌కు ఊరూరా విగ్రహాలున్నాయి, ఆ గౌరవం ఆయనకు తగినదే. ఆర్ పేరు మాత్రం బెజవాడలోనే చాలామందికి తెలియదు. ఒక పెద్ద పేరు దగ్గర ఉంటే చిన్న పేర్లను అందులో కలిపేయడం నోట్సుకున్న పాత జబ్బు. రాళ్లు మోసిన కూలీల సంగతి ఇక చెప్పక్కరలేదు.

మూడో వాక్యం నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది. ‘వ్యవసాయము అభివృద్ధి చెందెను.’ ఎవరి వ్యవసాయం? ఈ వాక్యంలో మనిషి లేడు. విజయవాడ నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరుతాయి. అవతలి ఒడ్డున సీతానగరం వైపు నుంచి పశ్చిమ డెల్టా కాలువ తెనాలి, బాపట్ల వైపు పోతుంది. కాలువ తల దగ్గర పొలం ఉన్న రైతుకూ, సముద్రం దగ్గర శివారు ఆయకట్టు రైతుకూ నీరు ఒకే రోజు, ఒకే లెక్కన అందదు. ఎగువన నీరు నిలిచి పొలం చౌడు తేలితే దిగువన నారు ఎండుతుంది. సొంత భూమి ఉన్నవాడికి మిగులు వచ్చింది. ఆ మిగులు బియ్యపు మిల్లుల్లోకి, చదువుల్లోకి, తర్వాత సినిమాల్లోకి, పత్రికల్లోకి వెళ్లింది. భూమి లేని కూలీకి వచ్చింది నాట్లు, కోతల రోజుల్లో పని. దివిసీమ నుంచో కృత్తివెన్ను నుంచో వచ్చి ఈ పాఠం చదివేవారికి శివారు భూమి అంటే ఏమిటో మేము చెప్పాలా? మీకు తెలిసిన ఆ విషయాన్ని సమాధానంలో రాయవచ్చని మాత్రం ఏ గైడూ మీకు చెప్పదు. నోట్సు చేసే అసలు నష్టం ఇక్కడ ఉంది. చదువరికి ముందే ఉన్న జ్ఞానాన్ని అది పరీక్షకు పనికిరానిదిగా చేస్తుంది.

చివరి వాక్యం ‘కరువులు తొలగిపోయెను’ అని కథ ముగించింది. నది అలా ముగించలేదు. 1952 వరదలో ఆనకట్ట కొంతమేర కొట్టుకుపోయింది. దాని బదులు కట్టిన బ్యారేజీ 1957కి పూర్తయి ప్రకాశం పంతులు పేరు పెట్టుకుంది. ఇవాళ మనం నడిచి దాటే వంతెన అదే. చరిత్రలో ‘ఫలితాలు’ అన్న శీర్షిక కింద రాసే ప్రతిదానికీ ఒక తేదీ ఉంటుంది, ఆ తర్వాత ఇంకో తేదీ కూడా ఉంటుంది.

‘నిర్మించెను’, ‘చెందెను’ అనే ఆ భాష గురించి కూడా ఒక మాట. ఈ రోజుల్లో ఎవరూ అలా మాట్లాడరు, అలా ఆలోచించరు. తన భాషలో లేని వాక్యాన్ని విద్యార్థి సందేహించలేడు. బరువుగా ఉంది కాబట్టి నిజమే అయివుంటుందనుకొని దాటిపోతాడు.

ఒక సూత్రం, దాని షరతు

అర్థశాస్త్రంలో చిక్కు ఇంకో రకం. క్షీణ ప్రతిఫల సూత్రాన్ని నోట్సు ఒక వాక్యంలో చెబుతుంది: ఉత్పత్తి కారకాన్ని పెంచుతూపోతే వచ్చే అదనపు ఉత్పత్తి తగ్గుతుంది. పక్కన ఒక పట్టిక, ఒక వక్రరేఖ. వదిలేసింది ‘మిగతా కారకాలు, సాంకేతికత మారకుండా ఉంటే’ అన్న షరతు. షరతు లేని సూత్రం సామెత అవుతుంది. ఎకరం వరికి యూరియా ఒక బస్తా వేసినప్పుడు పెరిగినంత దిగుబడి, మూడో బస్తాకు పెరగదు. అతిగా వేస్తే పైరు పడిపోతుంది కూడా. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇది పట్టిక లేకుండానే తెలుసు. కాని వంగడం మారితే? మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చినప్పుడు డెల్టా రైతు పాత వక్రరేఖ మీద కిందికి జారలేదు, కొత్త వక్రరేఖ మీదికి మారాడు. సూత్రం అబద్ధమైపోయిందా? లేదు, షరతు మారింది. పరీక్షలో ప్రశ్నను కొంచెం తిప్పి ‘హరిత విప్లవం ఈ సూత్రాన్ని కాదన్నదా?’ అని అడిగితే, షరతు చదవని విద్యార్థి పెన్ను ఆగిపోతుంది. చదివినవాడు రెండు పేజీలు రాస్తాడు. రసాయన శాస్త్రంలో ‘స్థిర ఉష్ణోగ్రత వద్ద’ అన్న మాటకూ ఇదే గతి పడుతుంది, దాన్ని విడిగా వివరించనక్కరలేదు.

వేయిపడగలు: ముద్ర వేసిన నవల

సాహిత్యంలో నోట్సు చేసే పనిని ముద్ర వేయడం అనవచ్చు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి విజయవాడలో అధ్యాపకుడిగా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ 1934లో వేయిపడగలు రాశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అది అడివి బాపిరాజు నారాయణరావుతో బహుమతిని పంచుకుంది. ఇంతవరకు ప్రతి నోట్సులోనూ ఉంటుంది. ఆ తర్వాత ‘ఇతివృత్తం, పాత్రచిత్రణ, శైలి, సందేశం’ అని నాలుగు గళ్లు. ‘ధర్మారావు ఆదర్శ పురుషుడు. వేయి పడగలు ప్రాచీన ధర్మానికి సంకేతం. ఇది సంప్రదాయవాద నవల.’

ఈ వాక్యాల్లో అబద్ధం లేదు. కాని విమర్శ మొదలు కావలసిన చోట అవి ఆగిపోయాయి. పడగలు ఒక్కొక్కటే పోయి చివరకు రెండే మిగులుతాయి. అవి దాంపత్యానికి గుర్తు. సుబ్బన్నపేట క్షీణతకు నవల ఎవరిని బాధ్యులుగా చూపుతోంది? బయటి నుంచి వచ్చిన చదువునూ పాలననూ మాత్రమేనా, లోపల ఉండి బాధ్యత వదిలేసుకున్నవాళ్లను కూడానా? పాత ఊరి వ్యవస్థలో కింద నిలబడినవాళ్లకు ఆ వ్యవస్థ పోవడం కూడా నష్టమేనా? ఈ ప్రశ్నలకు జవాబు నవలలోనే వెతకాలి. దాన్ని ఆరాధించేవాళ్లూ తిరస్కరించేవాళ్లూ ఒక్కొక్కసారి ‘సంప్రదాయవాద’ అన్న ముద్ర మీదే కొట్లాడుకుంటారు, పుస్తకం బల్ల మీదే ఉండిపోతుంది. వెయ్యి పేజీలు చదివే తీరిక మీకు లేకపోవచ్చు. ఒక్క అధ్యాయం చదవండి చాలు. ఒక అధ్యాయం చదివి నోట్సుతో విభేదించిన విద్యార్థి సమాధానం, మొత్తం నోట్సు అప్పజెప్పిన సమాధానం కంటే మెరుగ్గా ఉంటుందని నిస్సందేహంగా చెప్పవచ్చు.

మంచి నోట్సు కూడా ఉంది. తేదీ పక్కన కారణం, కారణం పక్కన ఆధారం, సూత్రం పక్కన షరతు పెట్టే నోట్సు అది. ఎక్కడ విమర్శకులు ఏకీభవించలేదో చెప్పి వదులుతుంది. కాస్త పొడుగవుతుంది, అందుకే తక్కువ అమ్ముడుపోతుంది.

మీ అభ్యాసం

మీ దగ్గరున్న ఏదైనా గైడులోంచి, ఏ సబ్జెక్టుదైనా సరే, ఒక పేజీ సమాధానం తీసుకోండి. అందులో ‘అందువలన’, ‘దీనివలన’, ‘కావున’ అన్న మాటల కింద గీతలు గీయండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఆ కారణం ఎలా తెలిసిందో పాఠ్యపుస్తకంలో వెతకండి. కర్త లేని వాక్యాలకు కర్తను పెట్టండి: ఎవరు పెరిగారు, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు. తర్వాత గైడు మూసి, మీ ఊరి కాలువనో పొలాన్నో వీధినో ఒక ఉదాహరణగా తీసుకుని అదే సమాధానాన్ని పదిహేను వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. వచ్చే సంపర్క తరగతికి రెండు కాగితాలూ, గైడు పేజీనీ మీదాన్నీ, వెంట తీసుకురండి. తేడాలను తరగతిలో కలిసి చర్చిద్దాం.