గోరుకు తగిలే గీత

పోయిన ఆదివారం పొద్దున్నే మా కింది వాటా అబ్బాయి బూట్ల డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వాడిది తొమ్మిదో తరగతి. డబ్బాలో మెత్తటి పాత బనీను, దాని మీద వాడు కట్టిన మొట్టమొదటి విమానం. స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానం, 72వ వంతు సైజు. సింగపూర్ నుంచి వచ్చిన మేనమామ తెచ్చిన ప్లాస్టిక్ కిట్టు. రెండు వారాలుగా బడి నుంచి రాగానే దాని ముందే కూర్చుంటున్నాడని వాళ్లమ్మ చెబుతూనే ఉంది.

“అంకుల్, పదికి ఎన్ని మార్కులేస్తారు?” అన్నాడు.

వెంటనే చెప్పలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముక్కు నా వైపు తిప్పుకుని, ఒక కన్ను మూసి చూశాను. స్పిట్‌ఫైర్ రెక్కలు ఒంటికి అతుక్కున్న చోట కిందికి ఉండి, చివరలకు వెళ్లేకొద్దీ పైకి లేస్తాయి. ఆరు డిగ్రీల వాలు. రెండూ ఒకే ఎత్తుకు లేచాయా? తోక దగ్గరి చిన్న రెక్కలు వాటికి సమంగా ఉన్నాయా? నిలువు రెక్క నిటారుగా నిలబడిందా? ముందు నుంచి అయ్యాక వెనక నుంచి, ఆ తర్వాత పైనుంచి. చివరికి విమానాన్ని వెల్లకిలా తిప్పి, బొటనవేలి గోరుతో పొట్ట మీద ముక్కు నుంచి తోక దాకా మెల్లగా గీశాను. నడుము దాటగానే గోరు టక్కున ఆగింది.

వాడు నా మొహమే చూస్తున్నాడు. రంగు గురించి ఏమైనా అంటానని వాడి ఆశ. రంగు నిజంగానే బాగుంది. మట్టిరంగు, ముదురాకుపచ్చ పట్టీలు ఒకదానిలోకి ఒకటి చిందకుండా వేశాడు. కానీ ఈ పనిలో నలభై ఏళ్లు గడిపాక నాకు రంగు ఆఖరున కనబడుతుంది. ముందు కనబడేది అతుకు.

ఈ కిట్లలో విమానం ఒళ్లు నిలువునా చీల్చిన రెండు చెక్కలుగా వస్తుంది. కుడి చెక్క, ఎడమ చెక్క. చింతగింజ బద్దల్లా రెండూ కలిపి అంటించాలి. అంటించిన చోట వీపు మీదా, పొట్ట కిందా ఒక గీత పడుతుంది. అసలు విమానం పొట్ట కింద ముక్కు నుంచి తోక దాకా అలాంటి గాడి ఉండదు. ఆ గీత ఉన్నంతసేపూ మన ముందున్నవి రెండు ప్లాస్టిక్ చెక్కలే. అది మాయమైన క్షణాన అక్కడ విమానం ఉంటుంది. బ్రిటన్‌లో 1963లో పుట్టి ఎన్నో దేశాలకు పాకిన ప్లాస్టిక్ మోడలర్ల సంఘం ఐపీఎంఎస్ పోటీల్లో కూడా న్యాయనిర్ణేతలు చిన్న టార్చిలైటు పట్టుకుని ముందు వెతికేది ఇదే. రెక్కలు వంకర పోయి, అతుకు కనబడుతుంటే, దాని మీద ఎంత గొప్ప రంగు వేసినా ఆ మోడల్ ముందుకు పోదు. ఆ పద్ధతి నాకు న్యాయంగానే తోస్తుంది.

అంటించే ద్రవాన్ని మనం గమ్ము అంటాం గానీ అది బంకలా పనిచెయ్యదు. ఈ కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోస్తారు. ఆ ద్రవం దాన్ని కరిగిస్తుంది. రెండంచులూ కరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, గట్టిపడి ఒకే ముక్క అవుతాయి. వెల్డింగ్‌తో చేసే అతుకు లాంటిదే, ఇక్కడ నిప్పు ఉండదంతే. అందుకే కొంచెం ఎక్కువే పూసి, రెండు చెక్కలనూ మెల్లగా నొక్కాలి. సందులోంచి కరిగిన ప్లాస్టిక్ చెమట పట్టినట్టు సన్నటి పూసగా పైకి రావాలి. వచ్చిందా, ఇక ముట్టుకోకూడదు. ఒక రోజంతా వదిలెయ్యాలి. మర్నాడు ఆ పూసను వాటర్ పేపర్‌తో తడితడిగా అరగదీస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫెవిక్విక్‌తో అంటించినవాళ్లకు ఈ పూస రాదు. కింది వాటా అబ్బాయి చేసింది అదే.

పూస రాని చోట, సందు మిగిలిన చోట పుట్టీ నింపాలి. ఆ పుట్టీ మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది కొండపల్లి బొమ్మలు. తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగుకు చెవి వేరు, తొండం వేరు, మావటి చెయ్యి వేరు. అన్నిటినీ కలిపేది మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద. దానితోనే అతుకుతారు, దానితోనే సందులు పూడుస్తారు, పైన సుద్ద పూసి రంగు వేస్తారు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని లేపాక్షి హస్తకళల షోరూములో కొన్న అంబారీ ఏనుగు ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. చెవి ఎక్కడ అతికారో వేలితో తడిమి కనిపెట్టాలని చిన్నప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించానో. దొరకలేదు. నా మొదటి గురువు ఆ ఏనుగే. అప్పటి నుంచి పుట్టీని నేను మక్కు అనే అంటున్నాను.

ఈ పనికి కావలసినవన్నీ నాకు ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల అరగంట నడకలోనే దొరుకుతాయి. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రానికి కొమ్మకు కాయల్లా వేలాడుతుంటాయి. వాటిని చేత్తో తుంచకూడదు, అంచు చెదురుతుంది. చదునుగా కత్తిరించే చిన్న కట్టరు కావాలి. జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాళ్ల బల్లల మీద ఉండేది అదే కట్టరు, అదే సన్నమూతి చిమటా, అదే నుదుటికి తగిలించుకునే భూతద్దం. వాటర్ పేపర్‌కి ట్రూప్ బజార్. అక్కడొక పెద్దాయన “ఎన్నో నంబర్ గావాలె సార్?” అని అడిగి, పేపరు మూలను తన అరచేతి వెనక రాసి చూసి మరీ ఇస్తాడు. 400తో మొదలుపెట్టి 800, ఆపైన 1500. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక మెట్టు దాటేస్తే కింది నంబరు పెట్టిన గీరలు రంగు వేశాక బయటపడతాయి. ఆ సంగతి ఆయనకు కార్ల వల్ల తెలుసు, నాకు విమానాల వల్ల తెలిసింది.

కిట్టుకు మార్కులు వెయ్యడం ఇంకో లెక్క. డబ్బా మూత మీది బొమ్మ చూసి ఎవరూ కొనకూడదు. నేను మూత తియ్యగానే రెక్క వెనకంచు పట్టి చూస్తాను. 72వ వంతు అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. ఇక్కడి ఒక మిల్లీమీటరు అసలు విమానంలో 72 మిల్లీమీటర్లు, దాదాపు నాలుగు వేళ్ల వెడల్పు. వెనకంచు కిట్టులో మిల్లీమీటరు మందం ఉంటే, కత్తిలా సన్నగా ఉండాల్సిన చోట పీట చెక్క పెట్టినట్టు. తర్వాత రేకుల గీతలు. అసలు విమానంలో రేకూ రేకూ కలిసే సందు దగ్గరికి వెళ్తే గానీ కనబడదు. కిట్టులో ఆ గీత మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పున్నా అసలుకు 14 మిల్లీమీటర్ల కాలువ అవుతుంది. పాత కిట్లలో గీతలు ఉబ్బెత్తుగా ఉండేవి, కొత్తవాటిలో లోపలికి చెక్కుతున్నారు. లోపలికి చెక్కినంత మాత్రాన మంచి కిట్టు అయిపోదు. లోతుగా దున్నేసిన కొత్త కిట్టు కన్నా, సన్నగా ఉబ్బిన పాత గీత అరగదీశాక నిజానికి దగ్గరగా ఉండటం చాలాసార్లు చూశాను.

కొలతలు తప్పడమూ కొత్తేం కాదు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో మొదటిసారి 72వ వంతు స్పిట్‌ఫైర్ తెచ్చింది. ప్రపంచమంతా కోట్లాది పిల్లల చేతుల్లోకి వెళ్లిన ఈ కొలతకు ఊపు తెచ్చిన కిట్లలో అదొకటి. దాని ఆకారం సరిగ్గా లేదు, పక్కన వేసిన బీటీ-కే అక్షరాలూ సరైనవి కావు. కొన్నేళ్లకే దాన్ని పక్కనపెట్టి కొత్త అచ్చు చేసుకున్నారు. స్పిట్‌ఫైర్ రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు 11.23 మీటర్లు. 72తో భాగిస్తే 156 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూసుకోవడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం పెట్టినవాడికి కిట్టు గురించి ఇంకొకరి మాట అక్కర్లేదు.

అయితే నా మటుకు కిట్టుకు పెద్ద పరీక్ష కొలతలు కాదు. రెక్క ఒంటికి అతికే చోటు. రంగులేమీ వెయ్యకుండా, గమ్ము పెట్టకుండా, ఊరికే ముక్కలు కలిపి పట్టుకుంటే అక్కడ వెంట్రుక దూరని సందు ఉండాలి. చాలా ఏళ్ల క్రితం ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో, అటక మీద ఏళ్ల తరబడి ఎండకు మగ్గిన డబ్బా ఒకటి సగం ధరకు కొన్నాను. ఒంటి చెక్క ఒకటి అరటితొక్కలా వంగిపోయింది. రెక్క పక్కన అగ్గిపుల్ల దూరేంత సందు. రెండు రోజులు దుఃఖపడ్డాను. తర్వాత వేడినీళ్లలో ముంచి తీస్తూ, బల్లకు నొక్కి చల్లారబెడుతూ, మళ్లీ ముంచుతూ తిన్నగా చేశాను. సందులో ప్లాస్టిక్ పీలికలు పెట్టి, మక్కు నింపి, అరగదీసి, మళ్లీ నింపాను. నెల రోజులు పట్టింది. అల్మారాలో ఉన్న అరవైకి పైగా విమానాల్లో ఎవరికైనా చూపించాల్సి వస్తే ముందు చెయ్యి దాని మీదికే పోతుంది.

ఇంతకీ స్పిట్‌ఫైర్ అంటే నాకు ఎందుకంత ఇది అంటే, దాని కథలో మన ఊరి పేరు ఉంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు పుస్తకాలతో నిండిపోతాయి. కాలేజీ రోజుల్లో అక్కడ బ్రిటిష్ వైమానిక దళం బ్యాడ్జీల మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. పేజీలు తిప్పుతుంటే ఒక బ్యాడ్జీ నడుమ నిజాం దస్తార్ కనబడింది. మన దస్తార్, తలపాగా! 152వ నంబర్ హైదరాబాద్ స్క్వాడ్రన్. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాట. బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదే అది. 1940 వేసవిలో ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరి జర్మన్ విమానాలతో తలపడ్డాయి. తర్వాత బర్మా వచ్చాయి. అక్కడ వాటి ఒంటి మీద దూకుతున్న నల్ల చిరుతను వేశారు. అదే 1940లో హరికేన్లు నడిపిన 253వది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. ఇంకా వెనక్కి వెళ్తే 1918లో నిజాం విరాళంగా ఇచ్చిన డీహెచ్-9ఏ విమానాలతో 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్. వాటిలో ‘హైదరాబాద్ 12ఏ’ అనేది ఆ అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియానికి, అక్కణ్నుంచి పోలండ్‌కు చేరింది. 1977లో బ్రిటిష్ వాళ్లు దాన్ని వెనక్కి తెచ్చుకుని లండన్ హెండన్ మ్యూజియంలో పెట్టారు. బదులుగా పోలండ్‌కు ఇచ్చింది ఒక స్పిట్‌ఫైర్!

ఆ పుస్తకం అక్కడే నిలబడి చదివాను. గర్వపడ్డాను, ఆ గర్వం పక్కనే మరొకటి కూడా మనసులో పడింది. ఆ విరాళం ఖజానాదైనా, నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్‌దైనా, చివరికి అది పల్లెల్లో రైతు కట్టిన శిస్తే. ఆ రైతు పేరు ఏ రెక్క మీదా లేదు. ఈ రెండూ తెలిసే 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ కట్టాలనుకున్నాను.

డబ్బాలో 152వ స్క్వాడ్రన్ అక్షరాలు రాలేదు. ‘యూఎం’ అనే రెండక్షరాలు విడిగా సంపాదించాను. నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జరిపి అంటించే స్టిక్కర్లు అవి, డెకాల్స్ అంటాం. పాతవై పసుపెక్కాయి. కవర్లో పెట్టి ఏప్రిల్ ఎండకు కిటికీ అద్దానికి అంటించాను. పది రోజుల్లో పసుపు విరిగింది. మన ఎండకు ఈ ఒక్క విషయంలో నేను రుణపడి ఉన్నాను. డెకాల్ వేసే ముందు విమానమంతా మెరుపు వార్నిష్ పూయాలి. పుయ్యకపోతే గరుకు రంగు గుంటల్లో గాలి చిక్కుకుని అక్షరం చుట్టూ వెండిపొరలా మెరుస్తుంది. అప్పుడు అది రంగుతో రాసినట్టు ఉండదు, అంటించినట్టు ఉంటుంది. అదీ ఒక అతుకే. అంటించాక పైన మళ్లీ మెరుపు లేని వార్నిష్ పూస్తే అక్షరం, రంగు, ప్లాస్టిక్ ఒకే ఒంట్లో కలిసిపోతాయి.

ఆ విమానం తీసి అబ్బాయి చేతికిచ్చాను.

“ఇది మన హైదరాబాద్‌దా? మరి హైదరాబాద్ అని ఎక్కడ రాసుంది అంకుల్?”

“దీని మీద రాయలేదు నాన్నా. ఈ రెండక్షరాలు చూసి తెలుసుకోవాలి.”

వాడు అక్షరాల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. నేను చేసినట్టే దాన్ని వెల్లకిలా తిప్పి, బొటనవేలి గోరుతో పొట్ట మీద గీశాడు. తోక దాకా వెళ్లి మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చాడు. ఈసారి కళ్లు మూసుకుని గీశాడు. తర్వాత తన విమానం తీసి గీశాడు.

“రంగు పోతుంది కదా అరగదీస్తే?”

“పోతుంది.”

“రెండు వారాలు పట్టింది అంకుల్ ఆ రంగుకి.”

నేనేమీ అనలేదు. మార్కుల సంగతి వాడు మళ్లీ అడగలేదు. బల్ల మీది డబ్బాలోంచి 400 పేపరు ముక్క ఒకటి వేళ్లతో తడిమి తీసుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి గిన్నెతో నీళ్లు తెచ్చుకున్నాడు. పాత పేపరు పరుచుకుని కిటికీ పక్కన కూర్చుని, పొట్ట మీది లేత నీలపు రంగు నీళ్లలో పాలలా విరిగి కారుతుంటే, తల ఎత్తకుండా రుద్దాడు. కాసేపటికి గుడ్డతో తుడిచి గోరు పెట్టి చూసుకున్నాడు.

“ఇంకా తగుల్తోంది” అన్నాడు. లేచి వెళ్లి గిన్నెలో నీళ్లు మార్చుకొచ్చాడు.