మాటల్లో చెప్పిన అంకెలు: భూతసంఖ్య, కటపయాది

సంవత్సరాన్నో లెక్కనో అంకెల్లో వేయకుండా మాటల్లో చెప్పే పద్ధతి మన దేశంలో వెయ్యేళ్లకు పైబడి సాగింది. దీనికి రెండు దారులున్నాయి. ఒకదానిలో లోకంలోని వస్తువు పేరు అంకెకు బదులుగా నిలుస్తుంది. ఇది భూతసంఖ్య. రెండోదానిలో ఒక్కో హల్లుకు ఒక్కో విలువ ఉంటుంది. ఇది కటపయాది.

గణితం, జ్యోతిషం సహా చాలా శాస్త్రాలను పద్యాల్లో రాసుకున్న కాలం అది. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోనే చెప్పాడు. పద్యంలో అంకె వేయడం కుదరదు, సంఖ్య పేరు ప్రతిసారీ గణానికి ఒదగదు. భూతసంఖ్యలో ఆ చిక్కు లేదు. ఒకటికి ‘శశి’ అంటే రెండు లఘువులు, ‘ఇందు’ అంటే గురువు, లఘువు, ‘భూ’ అంటే ఒక్క గురువు. కవి తన ఛందస్సుకు సరిపడేది ఎంచుకుంటాడు.

భూతసంఖ్యల విలువలు అందరికీ తెలిసిన విషయాల నుంచే వచ్చాయి. ఆకాశం, గగనం సున్న. కళ్లు, చేతులు, పక్షాలు రెండు. అగ్నులు, గుణాలు, రాములు మూడు. వేదాలు, యుగాలు నాలుగు. బాణాలు, ఇంద్రియాలు ఐదు. రసాలు, ఋతువులు ఆరు. మునులు, పర్వతాలు, స్వరాలు ఏడు. వసువులు, దిగ్గజాలు ఎనిమిది. గ్రహాలు, నిధులు, నందులు తొమ్మిది. పైసంఖ్యలకూ మాటలున్నాయి: రుద్రులు 11, ఆదిత్యులు 12, తిథులు 15, గోళ్లు 20, దంతాలు 32. రసాలంటే ఇక్కడ తీపి, పులుపు వంటి ఆరు రుచులే, కావ్యరసాలు కావు. మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం. అంటే చదివిన వరుసను తిరగేస్తే సంఖ్య వస్తుంది.

తెలుగు దేశ చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి తామ్రశాసనం. నన్నయ చేత తెలుగు మహాభారత రచన మొదలుపెట్టించిన రాజు ఇతడే. ఆయన పట్టాభిషేక సంవత్సరాన్ని శాసనం వేద, అంబురాశి, నిధి అనే మూడు మాటల్లో చెప్పింది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. తిరగేస్తే శక సంవత్సరం 944. దానికి 78 కలిపితే క్రీ.శ. 1022.

ఈ పద్ధతిలోని ఇబ్బంది కూడా ఇక్కడే కనిపిస్తుంది. పురాణాల్లో సముద్రాలు ఏడు, భూతసంఖ్యలో మామూలుగా నాలుగు. లోకాలు మూడూ కావచ్చు, పద్నాలుగూ కావచ్చు. అందుకే చరిత్రకారులు సంవత్సరం ఒక్కదాన్నే నమ్ముకోరు. కోరుమిల్లి శాసనం సూర్యుడు సింహరాశిలో ఉన్నాడనీ, ఆ రోజు బహుళ విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం అనీ కూడా చెప్పింది. వాటిని బట్టి లెక్కకట్టిన తేదీ 1022 ఆగస్టు 16. అది గురువారమే.

కటపయాదిలో విలువ అక్షరానిది. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8. క, ట, ప, య మొదలుగా నాలుగు వరుసలు కాబట్టి ఆ పేరు. గుణింతం లెక్కలోకి రాదు. విడిగా వచ్చే అచ్చు సున్న. జంటాక్షరంలో చివరి హల్లే లెక్క. సంఖ్యను ఇక్కడా తిరగేయాలి.

దీని వల్ల అర్థమున్న మాటే సంఖ్య కూడా కాగలదు. కేరళ కవి మేల్పత్తూరు నారాయణ భట్టతిరి నారాయణీయాన్ని ‘ఆయురారోగ్యసౌఖ్యం’ అనే మాటతో ముగించాడు. అది ఆశీర్వచనం. కటపయాదిలో అదే 1712210, కలియుగం మొదలైనప్పటి నుంచి గ్రంథం పూర్తయ్యే దాకా గడిచిన రోజుల లెక్క. అది 1586వ సంవత్సరానికి చెందుతుంది.

కర్ణాటక సంగీతంలో ఈ రెండు పద్ధతులూ నేటికీ కలిసి పనిచేస్తున్నాయి. మూలరాగాలైన మేళకర్తలు 72, చక్రానికి ఆరు చొప్పున 12 చక్రాలు. ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య అనే చక్రాల పేర్లు వరుసగా భూతసంఖ్యలే. రాగం సంఖ్య మాత్రం దాని పేరులోని మొదటి రెండు అక్షరాల్లో, కటపయాదిలో ఉంటుంది. కల్యాణికి ‘మేచ’, శంకరాభరణానికి ‘ధీర’ చేర్చింది ఇందుకే. మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ధీ 9, ర 2, తిరగేస్తే 29.

ఆ సంఖ్య నుంచి స్వరాలు కూడా రాబట్టవచ్చు. 36 దాటితే ప్రతి మధ్యమం, లేకుంటే శుద్ధ మధ్యమం. చక్రాన్ని బట్టి రిషభ గాంధారాలు, చక్రంలోని స్థానాన్ని బట్టి ధైవత నిషాదాలు తెలుస్తాయి. మేచకల్యాణి పదకొండోదైన రుద్ర చక్రంలో ఐదోది: చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. 65లో 36 తీసేస్తే 29. అందుకే ధీరశంకరాభరణానికి మధ్యమం ఒక్కటే మారుతుంది. నియమం తప్పిన పేర్లూ ఉన్నాయి. చక్రవాకంలో ‘క్ర’కు చివరి హల్లు ర తీసుకుంటే 26 రావాలి. క తీసుకుంటేనే అసలు సంఖ్య 16 వస్తుంది.

ఈ పద్ధతుల విలువ భద్రతలో ఉంది. తాటాకుల మీద ఎత్తిరాసేటప్పుడు ఒక గీత చెదిరినా అంకె మారిపోతుంది, మారినట్టు ఆనవాలు కూడా మిగలదు. పద్యంలో మాట చెదిరితే సాధారణంగా గణమో యతో అర్థమో తప్పుతుంది, చదివేవాడు పట్టుకుంటాడు. పైగా పద్యం నోటికి వస్తే లెక్క కూడా నోటికి వస్తుంది. అంకెల పట్టికకు ఆ సౌలభ్యం లేదు.