కోఠీ రెసిడెన్సీ భవనం: శైలీ నిర్ధారణలో ముఖభాగ ప్రమాణం

పందొమ్మిదో శతాబ్దపు కట్టడాల శైలిని నిర్ధారించేటప్పుడు పరిశీలకుల దృష్టి సాధారణంగా ముఖభాగం వద్దనే ఆగిపోతుంది. గ్రీకు, రోమన్ స్తంభాలు కనిపిస్తే పల్లాడియన్ అనీ, గుమ్మటాలూ మొనదేలిన కమానులూ కనిపిస్తే ఇండో-సారసెనిక్ అనీ పేరు పెట్టడం పరిపాటి. ఈ ప్రమాణం ఎంత బలహీనమైనదో హైదరాబాదులోని కోఠీ రెసిడెన్సీ భవనాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది.

రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఆరంభించిన ఈ భవనానికి రూపకర్త మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ముందు ఆరు కోరింథియన్ స్తంభాలు, పైని త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, మెట్లకు ఇరువైపులా సింహాలు. దీనిని అమెరికా శ్వేతసౌధంతో పోల్చడం వాడుక. పర్యాటకులకు ఆ పోలిక చాలు. ఆ రెండూ ఒకే యూరోపియన్ సంప్రదాయానికి చెందినవన్న దానికి మించి పరిశోధకునికి అది చెప్పేది లేదు.

స్తంభాల రూపం యూరోపుదే. వాటి తెల్లని నునుపు మాత్రం గచ్చుది, అంటే మెరుగుపెట్టిన సున్నపు పూతది. శైలి పేరు రూపకర్తను గుర్తు చేస్తుందే గాని గచ్చు నూరిన చేతులను గుర్తు చేయదు. నిర్మాణ వ్యయం ప్రధానంగా నిజాం ప్రభుత్వానిదన్న విషయమూ ఆ పేరులో ఇమడదు. అదే ఆవరణలో కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా కోసం మొగలాయి పద్ధతిలో రంగమహల్ అనే జెనానా కట్టించాడు. అది తరువాత కూల్చివేతకు గురైంది. ప్రధాన భవనాన్ని మాత్రమే చూసి పెట్టిన పేరు ఆ సగం చరిత్రను మరోసారి కూల్చినట్లే.

కాలనిర్ణయంలోనూ ఇదే చిక్కు. 1884లో పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా ఆరంభించిన ఫలక్‌నుమాకు కూడా ఇదే 'పల్లాడియన్' పేరు వర్తింపజేస్తున్నారు. రెంటికీ ఎనిమిది దశాబ్దాల ఎడం. మొదటిది కంపెనీ ప్రతినిధి నివాసం, రెండవది నిజాం రాజ్యపు కులీనుని అభిరుచి. స్తంభాలను బట్టి ఈ భేదం పట్టుబడదు. కట్టించినవారెవరు, గదుల అమరిక ఎవరి జీవనవిధానానికి అనుగుణం, గోడలో ఏముంది అన్నవి చూడాలి.

ఇది కేవలం నామకరణ వివాదం కాదు. గోడ సున్నపుదని గుర్తించకుండా సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, పాత కట్టుబడి గుల్లబారుతుంది. మరమ్మతు పత్రాల్లో శైలి పేరుకు ముందు గచ్చు వివరం ఉండవలసింది అందుకే.