మడమలో పార

కొల్లేటి సీమలో కప్ప గురించి చెప్పడానికి ఏముందని అడగవచ్చు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు, వరిచేలు, చేపల చెరువులు. కప్పకు ఇంతకన్నా ఏం కావాలి? ఏలూరు, తాడేపల్లిగూడెం దాటి ఉత్తరంగా మెట్టకెక్కితే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడంతా ఎర్రనేల. వాన పడితేనే గుంటలో నీరు. ఇలాంటి పొడినేలలో నెగ్గుకురావడానికే పుట్టినట్టుండే కప్ప ఒకటుంది, బెలూన్ కప్ప. శాస్త్రనామం యూపెరోడాన్ సిస్టోమా. 1799లో దీన్ని తొలిసారి వర్ణించినవాడు జర్మన్ పండితుడు ష్నైడర్.

చూపులకు ఉండ్రాయికి కాళ్లు అతికించినట్టుంటుంది. పొడవు ఆరు సెంటీమీటర్లకు అటూఇటూ. మెడ లేదు, మూతి చిన్నది, కాళ్లు పొట్టివి. గెంతడంలో వెనకబడ్డ ఈ కప్ప ప్రతిభ అంతా అరికాలిలో ఉంది. ఒక్కో వెనకపాదం అడుగున పారల్లా గట్టిపడిన బుడిపెలు రెండేసి ఉంటాయి. కూర్చున్నచోటే ఒక కాలి తర్వాత ఒక కాలితో మట్టిని పక్కకు నెడుతూ, మెల్లగా మెలితిరుగుతూ వెనక్కి దిగిపోతుంది. కళ్లు ఆఖరిదాకా బయటికే చూస్తుంటాయి. పైమట్టి నెత్తిన కూలి తనంతట తానే పూడుకుంటుంది. బొరియ లేదు, వాకిలి లేదు, జాడ లేదు.

ఆ గుండ్రటి ఒళ్లు కూడా ఊరికే వచ్చింది కాదు. ఒంటి పరిమాణానికి చర్మం వైశాల్యం తక్కువైతే ఆరిపోయే తడీ తక్కువే. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్టకింది చర్మం మట్టిలోని చెమ్మను పీల్చుకుంటుంది.

తొలకరి పడగానే పైకొస్తుంది. చిన్న మూతికి తగ్గట్టు చెదలు, చీమలు తింటుంది. మగవి గొంతు సంచి పొంగించి పిలుస్తాయి. గుంటలో పుట్టే తోకకప్పలకు కొరికే పళ్లు ఉండవు. నీటిని వడగట్టుకుని, అందులోని సూక్ష్మజీవులను తింటాయి. గుంట ఎండేలోగా కాళ్లు రావాలి, అదే గడువు. ఉత్తర అమెరికా సొనోరన్ ఎడారిలో స్పేడ్‌ఫుట్ కప్ప పిల్లలు ఈ పనిని పదిరోజుల లోపే ముగించగలవు. దానికీ మడమలో పారే. రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఒకే కరువుకు రెండు ఖండాల్లో ఒకే పనిముట్టు తయారైంది.

వానలు ముఖం చాటేస్తే మన పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించి కప్పతల్లి ఆడేవారు. ఆ ఊరేగింపు సాగే ఎర్రనేల కిందే ఎక్కడో ఈ కప్ప, కళ్లు మూసుకుని, అదే వానకోసం కాచుకుని ఉండేది.