మూడు రుగ్మతలకు ఒక చికిత్స - 'ఎ గ్రీన్ న్యూ డీల్' నివేదికపై విమర్శ

2008 జూలైలో లండనులోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ 'ఎ గ్రీన్ న్యూ డీల్' అను నివేదికను ప్రకటించినది. బ్యాంకుల సంక్షోభము, నేలనూనె ధరల పెరుగుదల, శీతోష్ణస్థితి మార్పు అను మూడును పెనవేసికొన్న రుగ్మతలనియు, వానికి చికిత్సయు ఒకటిగానే జరుగవలెననియు దీని వాదము. ఆర్థికమాంద్యమును ఎదుర్కొనుటకు 1933లో రూజ్వెల్టు చేపట్టిన న్యూ డీల్ దీనికి ఆదర్శము.

ఈ వాదమునకు రసాయనశాస్త్రము బలమిచ్చుచున్నది. 12 గ్రాముల కర్బనము పూర్తిగా మండినచో 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. కొలిమి ఎంత మేలైనదైనను ఈ లెక్క మారదు. కావున ఇంధనమునే మార్చవలెను. ప్రతి కట్టడమును ఒక విద్యుత్కేంద్రముగా చేయవలెననియు, ఆ పనికి 'కర్బన సైన్యము'ను తరిఫీదు చేయవలెననియు, నూనె కంపెనీల అదనపు లాభములపై పన్ను వేయవలెననియు నివేదిక సూచించినది. ఇంధనపు ఖర్చు తగ్గించు పనియే నిరుద్యోగికి కూలి యగుట దీనిలోని మేలైన ఊహ.

తరువాతి చరిత్ర ఈ సూచనలను కొంత సమర్థించినది. 2012లో బ్రిటనునందలి విద్యుత్తులో సుమారు నూటికి 40 వంతులు బొగ్గునుండి వచ్చెడిది. 2024 సెప్టెంబరు 30న అక్కడి కడపటి బొగ్గు విద్యుత్కేంద్రము, రాట్‌క్లిఫ్-ఆన్-సోర్, మూతపడినది. 2022లో సహజవాయువు ధర మిన్నంటగా, ఆ ప్రభుత్వము నూనె, వాయు కంపెనీల అదనపు లాభములపై పన్ను వేసినది.

అయితే నివేదికలో ఒక లోపము కనబడుచున్నది. కొత్త పనివారిని గూర్చి చెప్పినంత స్పష్టముగా పాత పనివారిని గూర్చి అది చెప్పదు. 1984-85 సమ్మె ఓడిన పిమ్మట బ్రిటనులో గనులు వరుసగా మూతపడగా, గని పట్టణములు చాలకాలము నిరుద్యోగముతో కృశించినవి. జర్మనీ వేరు దారి పట్టినది. రాతిబొగ్గు గనులకు సహాయమును 2018లో ఆపెదమని 2007లోనే నిశ్చయించి, కార్మికులకు ముందస్తు పింఛనులను, వేరు పనులలో తరిఫీదును ఏర్పరచినది. బొట్రాపులోని కడపటి గని 2018 డిసెంబరులో మూతపడినది. 2038 లోపల బొగ్గు విద్యుత్తును మానుటకు 2020లో శాసనము చేసి, బొగ్గు ప్రాంతములకు 4,000 కోట్ల యూరోల వరకు సహాయము కేటాయించినది.

సింగరేణి బొగ్గుతో దీపములు వెలిగించుకొను మనకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. గని మూయు తేదీని వ్రాసిన ప్రణాళిక సగము ప్రణాళికయే. అందలి పనివానికి మరియొక పని దొరకు తేదీయు దాని ప్రక్కనే వ్రాసినపుడు గాని అది పూర్ణము కాదు. ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలో చర్చకు పెట్టుట మేలు.