మాధవి చేతిలోది వీణేనా?

ఈ మధ్య 'శిలప్పదికారం' కథను తెలుగు వచనంలో చెప్పిన ఒక పుస్తకం చేతికందింది. భాష సాఫీగానే ఉంది. కానీ పుహార్ సముద్రతీరంలో మాధవి, కోవలన్ పాడుకునే ఘట్టం దగ్గర, తెలుగు కూడబలుక్కుని చదివే మా మనవరాలు ఆగిపోయింది. అది చదివేది తమిళ బడిలో. "తాతా, ఇది యాళ్ గదా? వీణ అని వేసినారే?" అంది. నాకప్పుడు జవాబు తోచలేదు.

అనువాదకుడి పక్షాన చెప్పవలసింది ముందు చెప్పాలి. ప్రాచీన కాలంలో 'వీణ' అన్న మాట విల్లులా వంగిన వాద్యానికీ చెల్లింది. సముద్రగుప్తుడి నాణెం మీదా, మన అమరావతి శిల్పాల్లోనూ కనిపించేది అదే. అయితే నేటి పాఠకుడికి వీణ అంటే 24 మెట్లున్న సరస్వతీ వీణే. ఆ రూపం 17వ శతాబ్దంలో, తంజావూరు నేలిన మన రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందంటారు. దాన్ని మాధవి ఒడిలో పెడితే వెయ్యేళ్లకు పైగా తేడా వస్తుంది.

పేరొక్కటే మారితే సర్దుకోవచ్చు. ఇక్కడ పనే మారిపోయింది. వీణ మీద ఒకే తీగను మెట్టు మెట్టుకూ నొక్కి స్వరాలు పలికిస్తాం. యాళుకు మెట్లు లేవు. ఒక్కో స్వరానికి ఒక్కో తంతి. పేరియాళుకు 21, సకోటయాళుకు 14, చెంగోట్టియాళుకు 7 అని పాత వ్యాఖ్యానాల లెక్క. ఇలాంటి వంపు వాద్యానికి తంతులు కట్టడం ఓపిక పని. ఒకటి బిగిస్తే దండి మీద లాగుడు పెరిగి, అంతకుముందు శ్రుతి చేసినవి కాస్త వదులవుతాయి. అందుకే అన్నిటినీ కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ మొదటికి రావాలి.

ఇళంగోకు ఈ సంగతి తెలుసు. ఆ యాళ్ బుర్రా, దండీ, మేకులూ, తంతులూ దోషం లేనివని ఒక్కొక్కటే చెబుతాడు. మాధవి శ్రుతి చూసి మరీ కోవలన్ చేతికిస్తుంది. ఇంత జాగ్రత్తగా శ్రుతి కలిపిన వాద్యం మీదనే ఆ ఇద్దరి మనసులూ విడిపోతాయి. ఈ పుస్తకంలో అదంతా వీణ సవరించడంతో ముగిసింది. ఆ ఓపిక కనిపించకపోతే విషాదం సగమే అందుతుంది.

మరొకటి. తమిళంలో యాళ్ తంతిని 'నరంబు' అంటారు. మన 'నరమే' అది. అనువాదకుడు 'తీగ' అన్నాడు. చదవగానే లోహం స్ఫురిస్తుంది. పక్కనే ఉన్న మన మాట ఆయనకు కనబడలేదు.

తమిళులు సైతం మరచిన ఈ వాద్యాన్ని 1947లో వెలువడిన 'యాళ్ నూల్'లో విపులానందస్వామి స్వరాల లెక్కలతో సహా మళ్లీ నిలబెట్టారు. రెండు భాషల మధ్య బతికే మనవాళ్లు అంత శ్రమ పడనక్కర్లేదు. 'యాళ్' అనే ఉంచి ఒక వాక్యం వివరణ ఇస్తే చాలు. బడిలో నేర్చిన మాట ఇంటి పుస్తకంలో తప్పయిపోతే, మన పిల్లలు పక్కన పెట్టేది ఇంటి పుస్తకాన్నే.